కాలాపానీకి వెళ్లిన ముత్తాత జాడ: ముందు చెన్నై, ఆ తర్వాతే అండమాన్

ఇంట్లో ఎవరో కాలాపానీకి వెళ్లారని విన్నవాళ్లు చాలామంది నేరుగా అండమాన్ విమానం ఎక్కేస్తారు. సెల్యులార్ జైలు మధ్య బురుజులోని పాలరాతి ఫలకాల మీద ఇంటిపేరు వెతుక్కుని, కనిపించక ఉసూరుమంటూ తిరిగొస్తారు. ఆ ఫలకాల మీదున్నవి రాజకీయ ఖైదీల పేర్లు. అండమాన్‌లో ఖైదీల స్థావరం మొదలైంది 1858 మార్చిలో, సెల్యులార్ జైలు కట్టడం పూర్తయింది 1906లో. ఆ మధ్య దాదాపు యాభై ఏళ్లలో హత్య, దోపిడీ, తిరుగుబాటు కేసుల్లో వెళ్లినవాళ్లు వేలమంది. వాళ్లకు ఆ గోడల మీద చోటు లేదు. పైగా 1942–45 జపాన్ ఆక్రమణలో స్థానిక దస్త్రాలు చాలావరకు పోయాయి. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రభుత్వం కిందే ఉండేవి, కాబట్టి కాగితం కోసం వెళ్లాల్సింది చెన్నైకి. ద్వీపానికి వెళ్లేది చోటు చూడటానికి.

బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి మూడు: ఊరు, సుమారు కాలం, కేసు. ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందన్నది పనికిరాదు, అప్పుడు ఏ జిల్లాలో ఉందో చూడాలి. రంప ప్రాంతం 1879–80 తిరుగుబాటు నాటికి గోదావరి జిల్లా కిందే ఉండేది. 1922–24 మన్యం పోరాటంలో శిక్షపడినవాళ్ల కాగితాలూ మద్రాసు ప్రభుత్వ ఫైళ్లలోనే దొరుకుతాయి. గాం మల్లుదొర అలా అండమాన్ వెళ్లి తిరిగొచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికైనవాడే. నిజాం ఏలిన హైదరాబాద్ దారి వేరు. 1857 జూలైలో హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించి అండమాన్‌కు పంపబడ్డ మౌల్వీ అల్లాఉద్దీన్ లాంటివారి కోసమైతే ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లోని ఫారిన్ డిపార్ట్‌మెంట్ ఫైళ్లు, హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ (పాత ప్రభుత్వ దస్త్రాలు దాచే చోటు) చూడాలి.

తమిళనాడు ఆర్కైవ్స్ చెన్నై ఎగ్మోర్‌లో, రైల్వే స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. బస స్టేషన్ ఎదుటి కెన్నెట్ లేన్ లాడ్జీల్లో చేస్తే సరిపోతుంది. గదులు ఇరుకు, రాత్రంతా ఆటోల రొద. అయినా ఆటో ఖర్చు, ట్రాఫిక్ తిప్పలు తప్పుతాయి, నాలుగు మెతుకులకు ఎక్కడికీ పోనక్కర్లేదు. అనుమతి కోసం ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. గుర్తింపు కార్డు, ఏ విభాగం, ఏ సంవత్సరాల ఫైళ్లు కావాలో రాసిన కాగితం తప్పనిసరి. విశ్వవిద్యాలయం లేదా కాలేజీ లెటర్ ఉంటే పని సులువవుతుంది. వెళ్లిన రోజే ఫైలు చేతికొస్తుందని లెక్కేసుకుని తిరుగు టికెట్ తీసుకోవద్దు. నాలుగైదు పనిదినాలు పెట్టుకోండి, మధ్యలో పండగ సెలవు లేకుండా చూసుకోండి.

అడగాల్సింది జుడీషియల్ డిపార్ట్‌మెంట్ సంవత్సరవారీ ఇండెక్స్. పేరు దగ్గర వెతికితే సగంసార్లు దొరకదు. ‘కన్విక్ట్స్’, ‘ట్రాన్స్‌పోర్టేషన్’, ‘పిటిషన్స్’, ‘పోర్ట్ బ్లెయిర్’ అన్న శీర్షికలు కూడా తిరగెయ్యాలి. అక్కడ దొరికిన జీవో నంబరు, తేదీ చీటీ మీద రాసిస్తే సంపుటం తెచ్చిపెడతారు. కాగితాలు అప్పడాల్లా విరిగిపోయేలా ఉంటాయి, కొన్నింటిని అసలు ఇవ్వరు. దొరికినవాటిలో బంగారం లాంటివి క్షమాభిక్ష అర్జీలు. తీర్పులో లేని భార్య పేరు, పిల్లల సంగతి, భూమి ఎవరి పాలైందన్నది వాటిలో ఉంటుంది.

పేర్ల దగ్గరే అందరూ బోల్తా పడతారు. గుమస్తా విన్నట్టు రాసేవాడు. ఎల్లయ్య, ఎర్రయ్య ముందు వై అక్షరం చేరుతుంది, వెంకడు ఒకచోట సి తో, ఇంకోచోట కె తో ఉంటాడు. ఇంటిపేరు తరచూ ఎగిరిపోతుంది. చివర ‘గాడు’ తగిలించిన పేర్లు కోకొల్లలు, అది తీసేసి కూడా వెతకాలి. అందుకే పేరుకంటే ఖైదీ నంబరు ముఖ్యం. అండమాన్‌లో మనిషి మెడలో చెక్కబిళ్ల వేలాడదీసేవారు. దాని మీద నంబరు, శిక్షపడిన సెక్షన్, శిక్ష తేదీ, విడుదల కావాల్సిన తేదీ చెక్కి ఉండేవి. ఆ నంబరు ఒక్కటి దొరికితే మిగతా ఫైళ్లలో అదే మనిషి అని గట్టిగా చెప్పొచ్చు.

ఢిల్లీకి రైలు ఎక్కేముందు నేషనల్ ఆర్కైవ్స్ వారి ‘అభిలేఖ్ పటల్’ పోర్టల్‌లో ఉచితంగా నమోదై చూడండి. హోం డిపార్ట్‌మెంట్‌లో పోర్ట్ బ్లెయిర్ బ్రాంచ్ ఫైళ్లు చాలా స్కాన్ అయ్యాయి. వ్యక్తి పేరుతో కాకుండా సంవత్సరం, ‘మద్రాస్’, ‘లైఫ్ కన్విక్ట్’ లాంటి మాటలతో వెతకాలి. ‘ఎ’ తరగతి ప్రొసీడింగ్స్ (ప్రభుత్వ చర్యల నమోదులు) అచ్చయ్యాయి కాబట్టి చదవడం తేలిక. ‘బి’ తరగతివి అచ్చుకానివి, ఇండెక్స్‌లో ఒక్క వరుస మాత్రమే మిగిలినవీ ఉన్నాయి. స్కాన్ కాని ఫైలు నంబరు చేతిలో ఉంటే తప్ప ఢిల్లీ ఖర్చు దండగ.

ఇక అండమాన్. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీవిజయపురం అని పేరు మార్చారు గానీ ఆటోవాళ్లకు పాత పేరే అలవాటు. చెన్నై నుంచి విమానం రెండు గంటల పైచిలుకు. విశాఖ నుంచి ఓడ ఉంది, తరచూ ఉండదు, రెండు రోజులు దాటుతుంది. బస అబర్డీన్ బజార్ చుట్టుపక్కలే మేలు: జైలుకూ పడవల జెట్టీకీ నడిచి వెళ్లొచ్చు. కార్బిన్స్ కోవ్ వైపు సముద్రం బాగుంటుంది, ప్రతిదానికీ ఆటో కావాలి.

సెల్యులార్ జైలుకు ఒక పూట చాలు. ఏడు విభాగాల్లో మిగిలినవి మూడు. 1906 తర్వాత వెళ్లిన మామూలు ఖైదీ అయినా అక్కడుండేది మొదటి ఆరు నెలలే, తర్వాత దశలవారీగా బయట కూలి పని. పదేళ్లు దాటితే సొంతంగా బతికే అనుమతి దొరికేది. సాయంత్రపు సౌండ్ అండ్ లైట్ షో చూడదగ్గదే, మన పనికి మాత్రం రాదు.

ఆంగ్లేయుల పాలనా కేంద్రంగా ఉన్న రాస్ ద్వీపానికి (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) ఎక్కువ సమయం ఇవ్వండి. బుధవారం మూత. నార్త్ బేతో కలిపి అమ్మే ప్యాకేజీలో అక్కడ గంటన్నర కూడా దక్కదు, రాస్ ఒక్కదానికే టికెట్ అడగాలి. అక్కడి సమాధులు ఆంగ్లేయులవి. ఖైదీలకు పేరు చెక్కిన రాయి దొరుకుతుందని ఆశపడొద్దు. వైపర్ ద్వీపంలో ఉరికంబం ఉంది, 1872లో వైస్రాయ్ మేయోను చంపిన షేర్ అలీని ఉరితీసింది అక్కడే. కొన్ని పడవలు దాన్ని దూరం నుంచి చూపించి తిప్పేస్తాయి. దిగనిస్తారా లేదా అన్నది డబ్బు కట్టకముందే అడగండి. 1883లో మొదలైన చాథమ్ రంపపు మిల్లు మాత్రం తప్పక చూడాలి, ఖైదీలు కొట్టిన అడవి ఎటు వెళ్లిందో అక్కడ అర్థమవుతుంది.

బంధువుల కోసం ఊళ్లోని జంగ్లీఘాట్ పేటలో తెలుగువాళ్లను పట్టుకుని అడగడం కూడా మామూలే. వాళ్లలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి చేపల వేటకు తర్వాత వచ్చినవాళ్లు. ఖైదీల సంతతిని అక్కడ ‘లోకల్ బోర్న్’ అంటారు. భాష, కులం దాటి పెళ్లిళ్లు జరిగాయి, ఇంట్లో హిందుస్తానీ నడుస్తుంది, తెలుగు మాట ఒక్కటీ మిగలకపోవచ్చు. పెద్దవాళ్లను కలిస్తే ఇంటిపేరు చెప్పి ప్రయోజనం లేదు. ఏ ఏడు వచ్చాడు, ఏ ఊళ్లో భూమి ఇచ్చారు, ఎవరిని చేసుకున్నాడు అని అడగండి. చెన్నైలో తీసుకున్న అర్జీ నకలు, నంబరు దగ్గర పెట్టుకోండి. కబురు ముందే పంపి, ఆదివారం మధ్యాహ్నం వెళ్తే ఇంటిల్లిపాదీ దొరుకుతారు.