ఎండాకాలం పిండి పొంగి పొర్లుతుంటే: ఫ్రిజ్జా, నీళ్ళ టబ్బా, ఉప్పా?

ఏప్రిల్ మొదలైతే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "రాత్రి రుబ్బిన పిండి తెల్లారేసరికి గట్టంతా కారిపోయి ఉంటోంది. ఫ్రిజ్‌లో పెడితే ఇడ్లీ గట్టిగా వస్తోంది. ఏం చెయ్యమంటారు?" కావలి వాళ్ళు అడుగుతారు, ఒంగోలు వాళ్ళు అడుగుతారు. హైదరాబాదులో స్థిరపడ్డ మా చుట్టాలు మాత్రం అడగరు, అక్కడ రాత్రయినా కాస్త చల్లబడుతుంది. మన దగ్గర ఆ అదృష్టం లేదు. మే నెలలో నెల్లూరులో పగలు 40 డిగ్రీలు దాటడం మామూలే, అర్ధరాత్రి కూడా 28, 29కి దిగడం కష్టం. రోహిణి కార్తెలో అయితే చెప్పక్కర్లేదు.

ముందు ఒకటి విడదీసి చూడాలి. పొర్లడం వేరు, పులవడం వేరు. పొర్లేది గ్యాసు వల్ల, పులిసేది ఆమ్లం వల్ల. రెండూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఒకటే అనుకుంటాం. ఏ ఉపాయాన్ని తూచాలన్నా, అది ఈ రెండిట్లో దేనికి పనిచేస్తోందో చూసుకోవాలి.

పెద్ద గిన్నె సంగతి తీసుకోండి. పొర్లడానికి అది పూర్తి మందు. రుబ్బిన పిండి గిన్నెలో సగానికి మించకుండా ఉంటే, రెండింతలు పొంగినా లోపలే ఉంటుంది. కింద ఒక పళ్ళెం పెట్టుకుంటే ఇంకా నిశ్చింత. మూత బిగించొద్దు, ఊరికే వేసి ఉంచండి. అంతవరకే. పులుపు మీద పెద్ద గిన్నె ప్రభావం సున్నా. గట్టు శుభ్రంగా ఉంటుంది, దోశ మాత్రం పళ్ళు జివ్వుమనేట్టే వస్తుంది. కాబట్టి పెద్ద గిన్నె మిగతా వాటితో పోటీ పడే ఉపాయం కాదు, ఏ దారి పట్టినా అది ఎలాగూ ఉండాల్సిందే.

ఇక ఫ్రిజ్. ఎక్కువమంది చేసేది రెండే రకాలు. రుబ్బిన వెంటనే లోపల పెట్టేసేవాళ్ళు కొందరు. ఆ చలికి పిండిలో పని దాదాపు ఆగిపోతుంది, మర్నాడు గట్టి ఇడ్లీలే గతి. రాత్రంతా బయట ఉంచి పొద్దున పొంగాక పెట్టేవాళ్ళు ఇంకొందరు. అప్పటికే పులుపు ఎక్కేసింది కదా, ఫ్రిజ్ దాన్ని వెనక్కి తేలేదు. అసలు మేలైనది మధ్యలో, సగం పొంగినప్పుడు పెట్టడం. ఆ సగం అనేది మే నెలలో రాత్రి రెండింటికో మూడింటికో వస్తుంది. అలారం పెట్టుకుని లేచి పిండిని ఫ్రిజ్‌లోకి మార్చే ఓపిక ఉన్నవాళ్ళకు నా నమస్కారం. పైగా నాలుగు కిలోల పిండి ఉన్న స్టీలు డబ్బా లోపల పెట్టగానే చల్లబడదు. అంచులు చల్లబడతాయి, నడిమధ్య పిండి ఇంకా కొన్ని గంటలు పొంగుతూనే ఉంటుంది. ఫ్రిజ్ అరల్లో పిండి కారడం చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. పెట్టక తప్పకపోతే రెండు మూడు చిన్న గిన్నెల్లోకి సర్దండి. తయారైన పిండిని దాచుకోవడానికి మాత్రం ఫ్రిజ్‌ని మించింది లేదు, అందులో వాదన లేదు. పులియబెట్టడానికి అది చోటు కాదని నా ఉద్దేశం. కరెంటు పోయే ఊళ్ళలో దాచడానికి కూడా అంత నమ్మకం లేదనుకోండి.

ఉప్పు గురించి రెండు పక్షాలు ఉన్నాయి. పొద్దున కలపాలనేవాళ్ళు, రుబ్బేటప్పుడే వేయాలనేవాళ్ళు. ఉప్పు సూక్ష్మజీవుల వేగాన్ని కొంచెం తగ్గించే మాట నిజం. కాబట్టి వేసవిలో రుబ్బేటప్పుడే వేయడం, డిసెంబరు, జనవరిల్లో పొద్దున కలపడం సబబు. కానీ మనం తినగలిగే ఉప్పు కిలో పిండికి పది గ్రాముల దగ్గర ఉంటుంది. ఆ మోతాదు వేగాన్ని కాస్త తగ్గిస్తుందేగానీ 30 డిగ్రీల ఉక్కలో పిండిని ఆపలేదు. ఆపేంత వేస్తే అది ఇడ్లీ కాదు, ఊరగాయ. అయోడిన్ ఉప్పు వేస్తే పిండి పొంగదని కూడా అంటుంటారు. ప్యాకెట్ ఉప్పులో ఉండే అయోడిన్‌కి అంత శక్తి లేదు. రాళ్ళ ఉప్పయినా మెత్తటి ఉప్పయినా ఈ లెక్కలో ఒకటే.

ఇప్పుడు నా దృష్టిలో అన్నిటినీ తేల్చే విషయానికి వస్తాను. అది పిండి మొదలయ్యే వేడి.

మన పిండిని పొంగించేది ఈస్టు కాదు, ముఖ్యంగా మినప్పప్పుతో పాటు వచ్చే బాక్టీరియా. వాటిలో పెద్ద పని ల్యూకోనోస్టాక్ అనే జాతిది. అది ఆమ్లాన్నీ, గ్యాసునీ రెండిటినీ ఇస్తుంది. ఆ గ్యాసుని మినప్పప్పు జిగురు పట్టి ఉంచుతుంది, అందుకే ఇడ్లీ గుల్లగా వస్తుంది. ఈ జాతికి ఒక మోస్తరు వేడి చాలు, 25 నుంచి 30 లోపు అయితే హాయిగా పనిచేస్తుంది. వేడి అంతకు మించి పెరిగేకొద్దీ, గ్యాసు తక్కువా ఆమ్లం ఎక్కువా చేసే ఇతర జాతులది పైచేయి అవుతుంది. మే నెల పిండి ఒక్కోసారి బాగా పొంగి చప్పున కూలిపోయి, పుల్లగా నీళ్ళలా మిగలడానికి ఇదీ ఒక కారణం. అంటే పిండి త్వరగా తయారవడం ఒక్కటే కాదు సమస్య, తయారయ్యే తీరు కూడా మారిపోతోంది. అందుకే మధ్యలో ఆపడం కన్నా మొదటి నుంచీ నెమ్మదిగా నడిపించడం మేలంటాను.

మొదటి వేడి ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు సాయంత్రం ఆరింటికి కూడా కాగినట్టే ఉంటాయి. వాటితో పప్పు నానబెట్టి, వాటినే పోస్తూ మిక్సీలో రుబ్బితే పిండి చేతికి గోరువెచ్చగా తగులుతుంది. అక్కడే సగం ఆట అయిపోయింది. పప్పుని ఫ్రిజ్‌లో నానబెట్టి, రుబ్బేటప్పుడు ఐసు నీళ్ళు పోయండి. మిక్సీ అయితే మధ్యమధ్యలో ఆపుతూ రుబ్బండి. గ్రైండర్ ఉన్నవాళ్ళకు ఈ బాధ తక్కువ, రాయి మిక్సీ బ్లేడంత వేడెక్కించదు. రవ్వ కడగడానికి కూడా చల్లటి నీళ్ళే వాడండి, అది చాలామంది మరిచిపోతారు.

ఆ చల్లదనాన్ని తెల్లారేదాకా నిలబెట్టేది నీళ్ళ టబ్బు. బట్టలు తడిపే ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి, పిండి గిన్నెని అందులో దించి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన అర లీటరు నీళ్ళ బాటిల్ ఒకటో రెండో పక్కన వేయడమే. గిన్నె స్టీలుదై ఉండాలి, ప్లాస్టిక్ డబ్బా అయితే చల్లదనం లోపలికి త్వరగా దిగదు. టబ్బులో నీళ్ళు పిండి మట్టం దాకా చాలు, మించితే గిన్నె తేలి పక్కకి వాలుతుంది. వేడిని లాగేయడంలో నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా మెరుగు కాబట్టి పొంగే పిండి నుంచి పుట్టే వేడి కూడా అందులోకే పోతుంది. నీళ్ళు కుండనీళ్ళంత చల్లగా ఉంటే సరి. ఐసు నీళ్ళంత చల్లగా చేశారో, పొద్దునకి పిండి పెట్టినచోటే ఉంటుంది. పదిన్నరకి రుబ్బి పెడితే ఆరున్నర, ఏడింటికి ఇడ్లీ వేసుకునే స్థితికి వస్తుంది.

బీరు కాచేవాళ్ళకి కూడా అచ్చం ఇదే తలనొప్పి. నురగ పొంగి మూత ఎగిరిపోతుంటే వాళ్ళు పాత్రకి లావుపాటి గొట్టం తగిలించి, రెండో కొసని నీళ్ళ బకెట్‌లో ముంచుతారు. గ్యాసూ నురగా దాంట్లోంచి పోతాయి. మనకి ఆ దారి లేదు, మనకు కావాల్సిందే ఆ గ్యాసు. కానీ వాళ్ళు కూడా పాత్రని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి, గడ్డకట్టిన బాటిళ్ళు వేసి వేడి తగ్గిస్తారు. మన తాటిచెట్ల కింద మాత్రం వేరే పద్ధతి, కల్లు పులవకుండా ముంత లోపల సున్నం రాస్తారు. పిండికి ఆ పద్ధతి పనికిరాదని వేరే చెప్పాలా.

టబ్బు బదులు గిన్నెకి తడిగుడ్డ చుడితే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఊరిని బట్టి. గుడ్డ చల్లబరిచేది నీరు ఆవిరయ్యేటప్పుడే. ఉదయగిరి, కనిగిరి, పొదిలి వైపు రాత్రి గాలి పొడిగా ఉంటే తడిగుడ్డ అద్భుతంగా పనిచేస్తుంది, టబ్బు అక్కర్లేదు. అదే నెల్లూరు, కావలి, సింగరాయకొండ, కొత్తపట్నం వైపు సముద్రపు గాలి తిరిగాక గాలిలో తేమ నిండి ఉంటుంది, గుడ్డ తడిగానే వేలాడుతుంది, పిండి వెచ్చగానే ఉంటుంది. ఉదయగిరిలో అత్తగారు చెప్పిన చిట్కా కావలి కోడలికి పనిచేయలేదంటే తప్పు ఇద్దరిదీ కాదు. కోస్తా వాళ్ళు టబ్బే పెట్టుకోండి. ఫ్యాను కింద పెడితే కొంత ఫలితం ఉంటుంది, అంతే.

రాత్రి ఏసీ వేసుకునే ఇంట్లో ఆ గదిలో ఒక మూల పెట్టేయొచ్చు, 26 డిగ్రీల్లో పిండి చక్కగా తయారవుతుంది. వాసన పడనివాళ్ళు ఉంటే పేచీ. పిండి కోసమని ఏసీ వేయొద్దు.

మెంతులు, అటుకులు తగ్గించడం మంచిదే, వేసవిలో మెంతులు మానేసినా నష్టం లేదు. సాయంత్రం ఐదింటికి కాకుండా పదింటి తర్వాత రుబ్బడం పైసా ఖర్చు లేని ఉపాయం, అది అందరూ చేయాల్సిందే. పొంగిన పిండిని గరిటెతో కలిపి అణచడం దోశకైతే పర్వాలేదు, ఇడ్లీకి వద్దు, లోపలి గ్యాసంతా పోతుంది. పిండి మీద తమలపాకు వేయడం గురించి నా దగ్గర చెప్పేదేమీ లేదు, వేసేవాళ్ళు వేసుకోండి.

ఇంత చేసినా ఒక్కోరోజు పులిసిపోతుంది. అప్పుడు వంట సోడా చిటికెడు వేస్తే పులుపు కొంత విరుగుతుంది గానీ కాస్త ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది. తాజాగా నానబెట్టిన రవ్వో బియ్యప్పిండో కలపడం అంతకన్నా నయం. నెల్లూరోళ్ళకి అసలు ఆ బెంగే అక్కర్లేదు, పులిబొంగరాలు ఉన్నాయి కదా. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర, నానబెట్టిన శనగపప్పు వేసి గుంతల పెనం మీద కాల్చుకుంటే, పులుపెక్కిన పిండికే ఆ రుచి వస్తుంది. కారం దోశకి కూడా కొంచెం పులిసిన పిండే బావుంటుంది. కానీ పిండి మీద గులాబీ రంగో నల్ల మచ్చలో కనిపిస్తే, లేదా మామూలు పులుపు వాసన కాకుండా కుళ్ళు వాసన వస్తే, పైపైన తీసేసి మిగతాది వాడుకుందాం అనుకోవద్దు. మొత్తం పారేసి, గిన్నెని వేడినీళ్ళతో కడిగాకే మళ్ళీ వాడండి.