నా నోట్లో మూడు ఫిల్లింగులు
కింది దవడపన్నులో నానోహైబ్రిడ్ కాంపోజిట్ (సన్నటి రేణువులు కలిపిన పంటిరంగు రెజిన్, అంటే ప్లాస్టిక్ లాంటి ముద్ద) పెట్టించుకుని ఏడేళ్లయింది. 2 మిల్లీమీటర్ల చొప్పున పొరలు వేసి, ఒక్కో పొరనీ నీలి లైటుతో గట్టిపరిచారు. అంతసేపు నోరు తెరిచి ఉంచలేక దవడ లాగేసింది. అయినా ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు, అంచు మాత్రం కాస్త గోధుమరంగుకి తిరిగింది. పక్క పన్నుకి బల్క్‌ఫిల్ రెజిన్. 4 మిల్లీమీటర్లు ఒకేసారి నింపేశారు, ఇట్టే అయిపోయింది. నాలుగేళ్లుగా బాగానే ఉంది. చిగుళ్ల దగ్గర పెట్టిన గ్లాస్ అయనోమర్ (గాజుపొడితో చేసే ఒక రకం పంటి సిమెంటు) మూడేళ్లకే అరిగింది. పుచ్చుని అడ్డుకునే ఫ్లోరైడ్ వదులుతుంది, నిజమే, గట్టిదనమే తక్కువ. రెజిన్ గట్టిపడేటప్పుడు కొద్దిగా కుంచించుకుపోతుంది. అంచు వదిలితే ఆ సందులో మళ్లీ పుచ్చు! ఉమ్మి తగిలితే రెజిన్ పంటికి సరిగా అంటుకోదు. అందుకే ఉమ్మి తగలకుండా రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర) పెట్టే డాక్టరు దొరికితే నేను బ్రాండు కూడా అడగను.