సిబిల్ 604 తో ఇంటి లోను: పన్నెండు ఈఎంఐలు కట్టాక నా రివ్యూ

సిబిల్ అంటే మనం అప్పులు ఎలా కట్టామో రిపోర్టు రాసి, దానికి స్కోరు వేసే సంస్థ. మాకు లోను ఇచ్చింది బ్యాంకు కాదు, ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ విజయవాడ బ్రాంచి. ఐదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను. పేరు మాత్రం రాయను. మా ఫైలు చూసిన అబ్బాయి ఎంతో ఓపికగా పనిచేశాడు, నేను ఇక్కడ చెప్పే ఫిర్యాదుల వల్ల అతనికి మాట రాకూడదు.

మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీలకి పెయింటింగ్ చేస్తారు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను, మగ్గం వర్కు చేస్తాను. ఇద్దరికీ పే స్లిప్ అనేది లేదు. 2018లో తోటి పనివాడు ట్రాలీ ఆటో కొనుక్కుంటుంటే మా ఆయన హామీ సంతకం పెట్టారు. అతను మధ్యలో నాలుగు వాయిదాలు ఆపేసి, తర్వాత ఎలాగో మొత్తం కట్టేశాడు. ఇక 2020 లాక్‌డౌన్‌లో ఆటోనగర్ మూతపడినప్పుడు మా ఇంట్లో బియ్యం, అత్తయ్య మందులు అన్నీ క్రెడిట్ కార్డు మీదే వచ్చాయి. బాకీ 48,000 అయింది. 2021లో వాళ్ళే ఫోన్ చేసి 31,000 కడితే చాలన్నారు. చెవి పోగులు తాకట్టు పెట్టి కట్టేసి, పీడా వదిలిందనుకున్నాం. సిబిల్ రిపోర్టులో 'సెటిల్డ్' (కొంత మాఫీ చేయించుకుని కట్టారు) అని పడుతుందని, అది 'క్లోజ్డ్' (పూర్తిగా కట్టేశారు) లాంటిది కాదని మాకు చెప్పినవాళ్ళు లేరు.

2024 మొదట్లో గొల్లపూడిలో ఒక ఫ్లాటు నచ్చి బ్యాంకుకి వెళ్తే రెండు నిమిషాల్లో తేల్చేశారు. మా ఆయన స్కోరు 604. డ్వాక్రా సంఘంలో పదకొండేళ్ళుగా ఒక్క వాయిదా తప్పలేదని చెప్పాను. "అది వేరమ్మా" అన్నారు మేనేజరు గారు. బయటికొచ్చి బస్టాపులో కూర్చుని ఏడ్చాను.

ఆ వారమే ఒకతను పరిచయమయ్యాడు. 15,000 ఇస్తే నెలలో స్కోరు 750 చేయిస్తానన్నాడు. మా ఆయన డబ్బు తీసి పక్కన పెట్టేశారు కూడా. దయచేసి ఎవరూ ఇవ్వకండి. తప్పుగా పడిన ఎంట్రీని సరిచేయించుకోవడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు. నిజంగా మనం ఎగ్గొట్టినది ఎంత ఇచ్చినా ఎవరూ చెరపలేరు.

మా ఆడపడుచు కొడుకు ఫోన్లోనే రిపోర్టు తీసిచ్చాడు. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలున్నాయి. ఒక్కోటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అది చదివాకే అసలు సంగతి తెలిసింది. ఎప్పుడో తీరిపోయిన ఆ ట్రాలీ ఆటో లోను మీద ఇంకా 11,340 బకాయి చూపిస్తోంది! అతని దగ్గర నో డ్యూ సర్టిఫికెట్ తెచ్చి, సిబిల్ వెబ్‌సైట్‌లోనే డిస్ప్యూట్, అంటే ఇది తప్పని ఫిర్యాదు, పెట్టాం. 30 రోజుల్లో తేల్చకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు మనకి ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. మాది 24వ రోజున సరైంది.

కార్డు బాకీలో అప్పట్లో మాఫీ చేసిన 17,000 కూడా వెళ్ళి కట్టేశాం. కట్టేముందు 'క్లోజ్డ్ అని మారుస్తాం' అని ఈమెయిల్ తీసుకున్నాం. తర్వాత 20,000 ఎఫ్‌డీ వేసి, దాని మీద ఇచ్చే కార్డు తీసుకుని గ్యాస్, కరెంటు బిల్లులు మాత్రమే కట్టి, గడువుకి ముందే పూర్తిగా తీర్చేవాళ్ళం. ఎనిమిది నెలలకి 671. బ్యాంకుకి అదీ చాలలేదు. అప్పుడు వెళ్ళాం ఈ కంపెనీకి.

వీళ్ళ దగ్గర నాకు బాగా నచ్చింది మా పని చూసిన తీరు. ఆ అబ్బాయి ఇంటికొచ్చి నా ఆర్డర్ల పుస్తకం పేజీ పేజీ తిరగేశాడు. పెళ్ళిళ్ళ సీజన్లో ఎన్ని బ్లౌజులు, ఆషాఢంలో ఎన్ని, మగ్గం వర్కుకి ఎంత తీసుకుంటాను, దారాలకి పూసలకి ఎంత పోతుంది అని అడిగి రాసుకున్నాడు. ఫోన్‌పే స్టేట్‌మెంట్ ఏడాదిది తీసుకున్నాడు. మా సంఘం పుస్తకం అడిగి మరీ ఫొటో తీసుకున్నాడు. మర్నాడు ఆటోనగర్ వెళ్ళి షెడ్డు యజమానితో, పక్క టీ కొట్టతనితో కూడా మాట్లాడాడు. "మేడమ్, మీ ఆదాయం కూడా కలిపితేనే లోను వస్తుంది, మీరు కో అప్లికెంట్‌గా ఉండాలి" అన్నాడు. ఇన్నేళ్ళ నా కుట్టు పనిని ఆదాయం అని కాగితం మీద రాసిన మొదటి మనిషి అతనే. అందుకే మూడు స్టార్లలో రెండు అతనికే.

ఇప్పుడు ఖర్చులు. ముందుగా లాగిన్ ఫీజు, అంటే దరఖాస్తు తీసుకున్నందుకు, 3,540, లోను రాకపోయినా తిరిగి ఇవ్వరు. అదే అపార్టుమెంటులో ఇంకో ఫ్లాటు 25 లక్షలకి మాట్లాడుకున్నాం. వాళ్ళ వాల్యూయర్ (ఫ్లాటుకి విలువ కట్టే మనిషి) 23.5 లక్షలే కట్టాడు, లోను 18 లక్షలు వచ్చింది. 30 లక్షల లోపు ఇంటి లోను 90 శాతం దాకా ఇవ్వొచ్చు, కానీ పాత మచ్చ ఉన్నవాళ్ళకి అంత ఇవ్వరు. మిగతా 7 లక్షలు మేమే పెట్టుకోవాలి. దాని మీద రిజిస్ట్రేషన్‌కి ఏడున్నర శాతం, అంటే ఇంకో 1,87,500. ఇది లోనులో రాదు. మేము దీన్ని లెక్కలో వేసుకోక చివరి వారంలో చీటీ పాడాల్సి వచ్చింది, చాలా తక్కువకి పాడాను. ప్రాసెసింగ్ ఫీజు ఒకటిన్నర శాతం, జీఎస్టీతో 31,860. లాయరు అడిగిన పాత లింకు డాక్యుమెంటు (ముందు యజమానుల నాటి దస్తావేజు) నకలు కోసం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగాం.

వడ్డీ 11.75 శాతం, 20 ఏళ్ళు. ఈఎంఐ 19,507. స్కోరు బాగుండి బ్యాంకులో 8.5కి దొరికి ఉంటే 15,621 అయ్యేది. నెలకి 3,886 తేడా. ఇరవై ఏళ్ళూ అలాగే కడితే 9 లక్షల 30 వేల పైమాట. ఒక హామీ సంతకానికి, ఒక సెటిల్‌మెంటుకి పడిన ఖరీదు అది. మొదటి ఈఎంఐలో 17,625 వడ్డీకే పోయింది, అసలులోకి వెళ్ళింది 1,882. ఆ కాగితం చూసిన రాత్రి మా ఆయనకి నిద్రలేదు.

ఒక స్టారు తీసేసింది ఇన్సూరెన్సు దగ్గర. శాంక్షన్ లెటర్ మీద సంతకాలు పెట్టేటప్పుడు 62,000 ప్రీమియం లోనులోనే కలిపేశారు. మాకు నోటితో ఒక్కసారి కూడా చెప్పలేదు. కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇస్తారు, వడ్డీతో పాటు అన్ని ఖర్చులూ అందులో ఉండాలి. 2024 అక్టోబరు నుంచి అన్ని రిటైల్ లోన్లకీ ఇది తప్పనిసరి, మనకి అర్థమయ్యే భాషలో అడగొచ్చు. నేను తెలుగులో అడిగాను కాబట్టి ఆ 62,000 కనిపించింది. ఇది తప్పనిసరా అని అడిగితే మేనేజరు కాసేపు ఊరుకుని, "అందరూ తీసుకుంటారమ్మా" అన్నారు. తప్పనిసరి అని రాసివ్వండి అన్నాను. తీసేశారు. మా ఆయన పేర టర్మ్ పాలసీ బయట విడిగా తీసుకున్నాం, ఎందుకంటే పాలసీ అవసరమే. నా గొడవల్లా చెప్పకుండా కలిపినందుకు.

ఇంకో స్టారు పోయింది వడ్డీ తగ్గింపులో. 2025లో ఆర్‌బీఐ రెపో రేటు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 6.5 నుంచి 5.25కి దిగింది. పక్క ఫ్లాటు వాళ్ళది బ్యాంకు లోను, వాళ్ళకి ఎప్పటికప్పుడు తగ్గుతూ వచ్చింది. బ్యాంకుల ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) ఇంటి లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉంటాయి. మా కంపెనీది వాళ్ళ సొంత రేటు. రెండు ఈమెయిళ్ళు, మూడుసార్లు బ్రాంచికి వెళ్ళాక డిసెంబరులో పావు శాతం తగ్గించారు, అంతే. సంతకం పెట్టే రోజునే 'రేటు దేనికి ముడిపడి ఉంది' అని నేను అడిగి ఉండాల్సింది. మీరు తప్పకుండా అడగండి.

ఎవరు తీసుకోవచ్చు అంటే, చేతి పని చేసుకునేవాళ్ళు, జీతం కాగితం లేనివాళ్ళు, ముందు రిపోర్టు శుభ్రం చేసుకున్నాక తీసుకోండి. 604 మీద అప్పుడే వెళ్ళి ఉంటే వడ్డీ 13 శాతం పైనే పడేదని ఆ అబ్బాయే చెప్పాడు. మేము ఆగిన ఎనిమిది నెలలకి ఒక మంచి ఫ్లాటు పోయింది కానీ ఆగినందుకు నాకు బాధ లేదు.

పన్నెండో ఈఎంఐ ఈ నెల 5న వెళ్ళింది. అసలు తగ్గింది దాదాపు పాతిక వేలే. స్కోరు ఇప్పుడు 731. ఫ్లోటింగ్ రేటు మీద మనం వ్యక్తిగతంగా తీసుకున్న ఇంటి లోనుని వేరే చోటికి మార్చుకుంటే ముందే తీర్చినందుకు ఛార్జీ వేయకూడదు. అందుకని నన్ను వెనక్కి పంపిన బ్యాంకుకే మళ్ళీ వెళ్ళాను. ఈసారి కుర్చీ చూపించి కూర్చోమన్నారు. రెండేళ్ళ ఐటీ రిటర్నులు కావాలన్నారు. నా పేర మొదటిది పోయిన ఏడాది వేశాను. ఈ ఏడాదిది వేయగానే ఫైలు పట్టుకుని వెళ్తాను, ఏమన్నారో ఈ రివ్యూ కిందే రాస్తాను.