మిక్‌మ్యాక్: లెక్క దానిది, తలనొప్పి మనది

భవిష్యత్ అధ్యయనాలు చేసేవాళ్లకు ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లలో మిక్‌మ్యాక్ పాతకాపు. దీని వెనకున్న పద్ధతి 1970ల మొదట్లో ఫ్రాన్స్‌లో పుట్టింది; ప్రాచుర్యంలోకి తెచ్చింది అక్కడి భవిష్యత్ అధ్యయన నిపుణుడు మిషెల్ గొడే. ఒక రంగాన్ని నడిపించే అంశాల్లో ఏది దేన్ని కదిలిస్తుందో తేల్చడం దీని పని. జోస్యం చెప్పదు, సినారియోలు (భవిష్యత్తు ఎలా ఉండొచ్చో ఊహించే కథనాలు) రాయదు. ఏ అంశాల చుట్టూ సినారియోలు అల్లాలో ఎంచుకోవడానికి మాత్రం బాగా అక్కరకొస్తుంది.

ముందు అంశాల జాబితా, వాటి నిర్వచనాలు ఎక్కించాలి. పేర్లు తటస్థంగా ఉండాలి: 'ఇంధన ధర' అనాలి గానీ 'ఇంధన ధర పెరగడం' అనకూడదు. 'టెక్నాలజీ' లాంటి పేరు పెడితే అదే అన్నిటినీ మింగేసి ఫలితాల పటంలో పైకెక్కి కూర్చుంటుంది. ఆ తర్వాత అవే అంశాలను అడ్డంగా, నిలువుగా పేర్చిన పట్టికలో, అంటే మాత్రికలో, గడులు నింపాలి. అడ్డు వరుసలోని అంశం నిలువు వరుసలోని దాన్ని నేరుగా ఎంత ప్రభావితం చేస్తుందో 0 నుంచి 3 దాకా అంకె వేయాలి. ఇప్పుడు లేకపోయినా ముందుముందు రావచ్చనిపిస్తే 'పి' (పొటెన్షియల్) అని పెట్టాలి.

అసలు కష్టం ఇక్కడే. ఏ అంశానికీ తన మీద తనకు గడి ఉండదు కాబట్టి 20 అంశాలైతే 380 గడులు, 30 అయితే 870, 70 అయితే 4,830. గడికి అర నిమిషమే వేసుకున్నా 30 అంశాలకు ఏడుంబావు గంటలు పడుతుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వేసే అంకెల్లో ఆలోచన తక్కువ, అలవాటు ఎక్కువ. ఒక్కరోజు వర్క్‌షాప్‌కు 20 నుంచి 25 అంశాలు దాటకపోవడం మేలు.

చాలామంది బోల్తా పడేది 'నేరుగా' అన్న మాట దగ్గర. ఇంధన ధర, రవాణా ఖర్చు, సరుకు ధర మూడూ జాబితాలో ఉన్నాయనుకోండి. ఇంధనం ప్రభావం రవాణా మీదుగానే సరుకును చేరుతుందనుకుంటే, ఇంధనం నుంచి సరుకుకు 0 వేయాలి. అక్కడ 2 వేశారా, అదే ప్రభావం రెండుసార్లు లెక్కకొస్తుంది. ఎందుకంటే సాఫ్ట్‌వేర్ చేసేదే మాత్రికను దానితోనే మళ్లీ మళ్లీ గుణించి, ఒకటి రెండు మెట్లు దాటి వచ్చే ప్రభావాలను పట్టుకోవడం. గడుల్లో ఐదో వంతు అటూఇటూ నిండితే ఫర్వాలేదు. సగం నిండాయంటే పరోక్షాలు దూరినట్టే, వెనక్కి వెళ్లి ఏరేయాలి.

ఫలితాల్లో అందరూ స్లైడ్లలో పెట్టుకునేది ప్రభావం (మిగతావాటిని ఎంత కదిలిస్తుంది), ఆధారపడటం (వాటి వల్ల ఎంత కదులుతుంది) అనే రెండు అక్షాల పటం. నా ఓటు మాత్రం ప్రత్యక్ష స్థానం (మనం వేసిన అంకెలతో వచ్చింది) నుంచి పరోక్ష స్థానానికి (గుణకారాల తర్వాత వచ్చింది) ఒక్కో అంశం ఎంత జరిగిందో చూపే పటానికి. అంతకుముందు ఎవరూ పట్టించుకోని అంశం ర్యాంకుల్లో ఎగబాకితే, దాని మీదే చర్చ పెట్టాలి. పరోక్ష మాత్రికలో లక్షల్లో కనిపించే అంకెలకు విడిగా అర్థం లేదు, వరుస క్రమమే ముఖ్యం. ప్రభావాల గ్రాఫ్‌లో బలమైన కొన్ని బాణాలే చూడండి. అన్నీ గీయిస్తే చిక్కుపడ్డ దారపు ఉండే.

లోపాలు చిన్నవేం కావు. ప్రభావం పెంచేదా తగ్గించేదా అన్నది నమోదు కాదు. రేపే కనిపించే ప్రభావానికీ, పదేళ్లకు కనిపించేదానికీ ఒకే అంకె. పైగా గడికి ఒకే విలువ కాబట్టి, గుంపులో ఒకరు 0, ఇంకొకరు 3 అన్న సంగతి చెరిగిపోతుంది. సగటు తీసి 2 వేయడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. అలాంటి గడులను వేరే కాగితం మీద రాసుకుని, రెండు విలువలతోనూ విడివిడిగా నడిపి, పై ఐదు స్థానాలు మారతాయేమో చూడాలి. మారితే ఆ ర్యాంకులను నివేదికలో ఖాయంగా చెప్పకూడదు.

ఇంటర్‌ఫేస్ బాగా పాతబడింది. దాంతో విసుగొస్తే ఎక్సెల్‌లో మాత్రికలను గుణించే ఎంమల్ట్ ఫంక్షన్‌తో లెక్కంతా చేసుకోవచ్చు. సాధారణంగా నాలుగైదు గుణకారాలకు ర్యాంకులు కుదుటపడతాయి. ఎవరు ఎవరి పక్షం, ఎవరి బలం ఎంత అన్నవి మిక్‌మ్యాక్ పరిధిలోకి రావు. వాటికి అదే కుటుంబంలోని మ్యాక్టర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, అదీ ఉచితమే.