బెంగళూరు మిద్దెతోటకు విత్తనాలు: ఐదేళ్ళు వాడాక ఏవి మళ్ళీ కొనాలి, ఏవి మానేయాలి

ముందు లెక్క తేల్చేద్దాం. టమాటా, వంగ, బెండ, మిరపలకు మంచి రకం వెతికి డబ్బు పెట్టినా దండగ లేదు. మెంతులకు, ఆవాలకు, అలసందలకు రంగుల ప్యాకెట్ అక్కర్లేదు, కిరాణా కొట్టు సరుకే బాగా మొలుస్తుంది. ఆన్‌లైన్‌లో ‘ఇరవై రకాల కిట్’ అని వచ్చే పౌచ్‌లు మాత్రం మళ్ళీ కొనదగ్గవి కావు. లాట్ (బ్యాచ్) నంబరుండదు, పరీక్ష తేదీ ఉండదు, ఏ రకమో ఉండదు. ‘టమాటా’ అని రాసి ఊరుకుంటారు. బియ్యం బస్తా మీద ‘బియ్యం’ అని మాత్రమే రాస్తే ఎవరైనా కొంటారా?

ప్యాకెట్ ముందున్న బొమ్మ వదిలేసి వెనక చీటీ చదవాలి. రకం పేరు, లాట్ నంబరు, పరీక్ష చేసిన తేదీ, మొలక శాతం, గడువు ఉండాలి. ప్రభుత్వ సంస్థ ధ్రువీకరించిన విత్తనానికి నీలం చీటీ, ఉత్పత్తిదారు సొంత పూచీ మీద అమ్మే ‘ట్రూత్‌ఫుల్ లేబుల్’ సరుకుకు ఆకుపచ్చ చీటీ. ఇంటి తోటలకు దొరికే చిన్న ప్యాకెట్లు ఎక్కువగా రెండోవే. పూచీ ఎవరిదన్నదే తేడా, నాణ్యత తక్కువని కాదు. మొలక శాతానికి కనీస ప్రమాణం టమాటాకు, వంగకు 70, బెండకు 65, మిరపకు, క్యారెట్‌కు 60. అంటే పది మిరప గింజల్లో ఆరు మొలిస్తే అమ్మినవాడిని తిట్టుకోనక్కర్లేదు. ‘50 గింజలు’ అని చూసి మురిసిపోవద్దు కూడా. గ్రాము టమాటా విత్తనంలో దాదాపు 300 గింజలుంటాయి. గ్రాము బెండలో 15 నుంచి 18 మాత్రమే. ధర పోల్చేటప్పుడు గింజల లెక్కన పోల్చాలి.

రకాల విషయంలో బెంగళూరు వాళ్ళకు ఒక సౌలభ్యం ఉంది. హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది, ‘అర్క’ పేరుతో వచ్చేవన్నీ అక్కడి రకాలే. ఈ వాతావరణంలోనే ఎంపికైనవి కాబట్టి కుండీల్లోనూ నమ్మకంగా కాస్తాయి. అర్క రక్షక్ టమాటా ఆకుముడత వైరస్‌ను, బ్యాక్టీరియా వడలు తెగులును, ముందస్తు ఆకుమచ్చను మూడింటినీ తట్టుకుంటుంది. తట్టుకోవడమంటే అసలు రాదని కాదు, వచ్చినా కాపు ఆగదని. ఆ వైరస్‌ను మోసుకొచ్చే తెల్లదోమను వదిలేస్తే దీనికీ కష్టమే. బెండలో అర్క అనామిక పల్లాకు తెగులును తట్టుకోవడంలో పేరున్న రకం. తోటకూరలో అర్క సుగుణ, పాలకూరలో అర్క అనుపమ మళ్ళీ మళ్ళీ కోసుకునే రకాలు. ఒకసారి పీకేసే రకాలు వేసినవాళ్ళు ఇవి వేశాక వెనక్కి పోరు.

ఇక అసలు చిక్కు పగటి పొడవు దగ్గర. దీని గురించి ప్యాకెట్ మీద ఎవరూ రాయరు. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, ఏడాదిలో అతి పొడవైన పగలు కూడా 13 గంటలు దాటదు. చల్లని దేశాల ఉల్లి రకాలకు గడ్డ కట్టాలంటే 14 గంటల పగలు కావాలి. అందమైన దిగుమతి ప్యాకెట్ కొని, ఆరు నెలలు నీళ్ళు పోసినా వచ్చేది ఉల్లికాడలే. అర్క కళ్యాణ్ లాంటి పొట్టి పగటి రకమే వేయాలి. అవరెకాయ, అంటే మన అనపకాయ (సొర కాదు, చిక్కుడు జాతిది), దీనికి ఎదురు. పాత నాటు రకాలు పగలు తగ్గితేగానీ పూయవు. జూలైలో వేస్తే డిసెంబరు, జనవరుల్లో కాయ, సరిగ్గా ఊరంతా అవరెకాయ వాసన కొట్టే రోజులకు. అదే విత్తనం ఫిబ్రవరిలో వేస్తే పందిరి నిండా ఆకు తప్ప మరేమీ ఉండదు. ఏడాది పొడవునా కాయ కావాలంటే అర్క జయ్ లాంటి పొద రకం అడగండి. గోంగూరా ఇంతే: సెప్టెంబరు దాటాక వేస్తే మొక్క ఎదగకముందే పూత వైపు తిరుగుతుంది. మార్చి నుంచి జూలై లోపు విత్తుకోవాలి. (కొట్లో గోంగూరంటే తెలియకపోతే ‘పుండి’ అనండి, సోయికూరకు ‘సబ్బసిగె’ అనండి.)

కొత్తిమీరకు వంటింటి ధనియాలు మొలుస్తాయి, కాదనలేం. కానీ అవి గింజ కోసం పండించే రకాలు, త్వరగా పూతకొస్తాయి, ఏప్రిల్ ఎండలో మరీ త్వరగా. ఆకు కావాలంటే అర్క ఈషా మేలు. ఏదైనా సరే ధనియాన్ని అప్పడాల కర్రతో మెల్లగా నొక్కి రెండు బద్దలుగా చేయాలి, ఒక్కో బద్దలో ఒక గింజ. నుజ్జు చేస్తే పోయినట్టే. రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, అర అంగుళం లోతున విత్తితే ఎనిమిదో రోజు నుంచి మొలక కనిపిస్తుంది. నాలుగో రోజునే మట్టి తవ్వి చూడొద్దు.

సబ్జా గింజలు తులసి జాతివే, మొలుస్తాయి. పిజ్జా మీద వేసే ఇటాలియన్ బేసిల్ రుచి మాత్రం రాదు. నానబెడితే జిగురు పట్టి చేతికంటుకుంటాయి కాబట్టి పొడిగానే పైన చల్లి నీళ్ళు చిలకరించాలి. రోజ్‌మేరీ విత్తనం కొనడం నిజంగా దండగ. మొలక తక్కువ, ఎదుగుదల నత్తనడక. నర్సరీలో మొక్క కొనండి. పుదీనాకు విత్తనమెందుకు, కట్టలోని నాలుగు కాడలు చాలవా?

హైబ్రిడ్ కొంటే ఆ పంట విత్తనం దాచుకోవద్దు, మరుసటి తరంలో ఒక్కో మొక్క ఒక్కో తీరున వస్తుంది. నాటు టమాటా, చిక్కుడు చాలా వరకు స్వపరాగమే కాబట్టి దాచుకోవచ్చు. మిరపలో, బెండలో తేనెటీగలు కొంత కలిపేస్తాయి. సొరలోగానీ, బీరలోగానీ, గుమ్మడిలోగానీ రెండు రకాలు పక్కపక్కన ఉంటే రెంటికీ చెడ్డట్టే.

విత్తాక మొలక చచ్చేది ఎక్కువగా తడి వల్లే. సెప్టెంబరు, అక్టోబరు వానల్లో మొలక మొదలు నేల దగ్గర నల్లబడి వాలిపోతే అది నారుకుళ్ళు. కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు) పిండితే నీరు కారకూడదు, వేళ్ళకు తడి అంటాలి, అంతే. ట్రైకోడెర్మా (కుళ్ళు తెగుళ్ళను అణిచే మేలు శిలీంద్రం) చిటికెడు కలిపిన వర్మీకంపోస్టు వాడండి, ధనియాలకు తప్ప లోతు గింజ మందానికి రెండింతలు దాటనివ్వకండి. డిసెంబరు రాత్రులు చల్లన, మిరప మొలక రెండు వారాలకు పైనే పట్టొచ్చు, ట్రేను వంటింట్లో వెచ్చని మూల పెట్టాలి. గులాబీ, ఎరుపు రంగు పూసిన గింజలకు శిలీంద్రనాశిని పట్టించి ఉంటుంది. వాటిని మైక్రోగ్రీన్స్‌కు (లేత మొలకలుగానే కోసి తినేవాటికి) వాడకూడదు, ముట్టాక చేతులు కడుక్కోవాలి.

కాపు అయిపోయిన మడిని ఖాళీగా ఎండబెట్టడం కంటే పచ్చిరొట్ట (కోసి మట్టిలోనే కలిపేసే పైరు) వేయడం మేలు. జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద నాలుగూ వాడి చూస్తే మిద్దె మీద జనుమే నెగ్గింది. జీలుగ గొప్పతనం నీరు నిలిచినా తట్టుకోవడం, కుండీలో ఆ అవసరం రాదు. వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులున్న మట్టిలో అలసంద వద్దు, అది వాటికి మేతవుతుంది. జనుము కాదు. చదరపు మీటరుకు 6 నుంచి 8 గ్రాములు చల్లండి. పొలంలో సాధారణంగా ఇంతకంటే తక్కువే వేస్తారు, మడిలో మాత్రం దట్టంగా వేస్తేనే కాడ సన్నగా ఉంటుంది. 40, 45 రోజులకు, పూత రాకముందే కోయాలి. నార పంట కదా, ఆలస్యమైతే కాడ తాడవుతుంది, మట్టిలో కుళ్ళదు. రెండంగుళాల ముక్కలు చేసి పైమట్టిలో కలిపి, తడి ఆరకుండా రెండు వారాలు ఆగాక నాటాలి. వెంటనే విత్తితే కుళ్ళే ఆకు మధ్య లేత మొలక బతకదు.

ఇందులో చాలామంది పొరబడేది ఒకటుంది. కొత్త కోకోపీట్ మిశ్రమంలో రైజోబియం (పప్పుజాతి వేర్లలో చేరి గాలిలోని నత్రజనిని పట్టే బ్యాక్టీరియా) ఉండదు, కాబట్టి జనుము ఏపుగా పెరిగినా వేరు మీద అది కట్టే మేలు బుడిపెలుండవు (నులిపురుగుల బుడిపెలు వేరు). చల్లారిన బెల్లం నీళ్ళతో రైజోబియం కల్చర్‌ను గింజలకు పట్టించి నీడలో ఆరబెట్టి విత్తాలి. అది దొరక్కపోతే పప్పుజాతి పండిన పొలం మట్టి గుప్పెడు కలపండి. నెల తర్వాత ఒక మొక్క పీకి బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగుంటే నత్రజని పడుతున్నట్టు, పాలిపోయి ఉంటే లేనట్టు.

మిగిలిన గింజలు సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. ఉల్లి ఏడాది దాటితే నమ్మకూడదు. మిరప, బెండ రెండేళ్ళు, టమాటా, వంగ నాలుగేళ్ళు ఉంటాయి. డబ్బా బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, చల్లని గింజ మీద చెమ్మ పడుతుంది. పాత గింజైతే పది తీసి తడి గుడ్డలో చుట్టి చూడండి. ఐదే మొలిస్తే రెట్టింపు విత్తండి, మూడు కంటే తక్కువైతే పిట్టలకు వేయండి, రంగు పూసినవి కాకపోతేనే.