మహారాణిపేటలో ప్రార్థన నేర్పే క్లాసు: వెళ్లొచ్చా?

నలుగురిలో ప్రార్థన చేయమంటే నోరు పెగలని వాళ్లు తప్పకుండా వెళ్లండి. విశాఖ మహారాణిపేటలో ఒక చర్చి హాల్లో ఆదివారం సాయంత్రాలు ఈ క్లాసు పెడుతున్నారు, ఫీజు లేదు, ఏ సంఘం వాళ్లైనా రావచ్చు. మన కూటాల్లో తడుముకోకుండా గంటసేపు ప్రార్థించేవాళ్లు కొందరుంటారు, మిగతావాళ్లు అది మనవల్ల కాదులే అనుకుని ఆమెన్‌తో సరిపెట్టేస్తారు. ఆ బెరుకుని బైబిల్‌తోనే పోగొడుతున్నారు ఇక్కడ.

పద్ధతి చాలా తేలిక. ఒక భాగం రెండుసార్లు చదివి, బైబిల్ మూసేసి, అందులో మనసుకి తగిలిన మాటనే మన సంగతి కలిపి దేవుడికి చెప్పాలి. లూకా 11లో శిష్యుల్లో ఒకడే ‘మాకు ప్రార్థన చేయడం నేర్పించు’ అని యేసుని అడిగాడు కదా, నేర్చుకోవడానికి సిగ్గెందుకు అని మొదలుపెట్టారు. తర్వాత బిడ్డ కోసం దేవుణ్ణి వేడుకున్న హన్నా కథ. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు వినబడట్లేదు, ఏలీ యాజకుడేమో తాగి వచ్చిందనుకున్నాడు, అయినా దేవుడు విన్నాడు. ఇది చదివాక గట్టిగా అరిస్తేనే ప్రార్థన అనే ఆలోచన నాకు పూర్తిగా పోయింది.

అన్నిటికన్నా బాగా చెప్పింది 13వ కీర్తన. ఆరే వచనాలు, ‘యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని దేవుణ్ణే నిలదీస్తూ మొదలై పాటతో ముగుస్తుంది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్లజోడు తెచ్చుకోలేదు, నేను చదివి వినిపించాను, తన వంతు రాగానే ‘ఎన్నాళ్లు ప్రభువా, నా కొడుకు షిప్పు ఎక్కాక ఫోనే లేదు, నీ మీదే ఆశ పెట్టుకున్నాను’ అని ఆపేసింది. కీర్తనలో ఉన్నదంతా అందులో ఉంది, ఒక్క మాట కూడా ఎక్కువ లేదు.

ఇక లోటు. యేసు నేర్పిన పరలోక ప్రార్థన అందరికీ కంఠతా వచ్చుగా అని చివర్లో హడావిడిగా లాగించేశారు, అది నాకు బాధనిపించింది. దేవుడి నామం, రాజ్యం, చిత్తం అయ్యాకే మన అన్నం సంగతి ఎందుకొస్తుంది, మత్తయి 6లో ఆ ప్రార్థన అయిన వెంటనే యేసు మళ్లీ క్షమించడం గురించే ఎందుకు మాట్లాడాడు, వీటికే ఒక సాయంత్రం ఇవ్వాలి. క్రాన్, డిగ్రాంజెస్ అనే మిషనరీలు 1805లో వచ్చి సువార్తల్ని తెలుగులోకి తేవడానికి కూర్చున్నది విశాఖలోనే, కనీసం ఈ ఊళ్లోనైనా మత్తయిని తీరిగ్గా చదవాలి కదా! నిర్వాహకులతో ఈ మాట చెప్పాను, వచ్చే విడతలో చూస్తామన్నారు.

మైకు గరగరలాడుతోంది, ముందు వరసల్లో కూర్చోండి. బస్సులో వచ్చేవాళ్లు జగదాంబ దగ్గర దిగి నడిచి వచ్చేయొచ్చు. బైబిల్ మీదే తెచ్చుకోవాలి, ఫోన్లో కాకుండా పుస్తకమైతే మేలు, మధ్యలో వాట్సాప్ మోగదు.