ఐపీఎల్ జీతాల రూల్స్: ఐదుకి మూడు స్టార్లు

వైజాగ్‌లో ఓ ప్రైవేటు కంపెనీలో జీతాల సెక్షన్ నాది. అందుకే వేలం పాటలో ఎవరు ఎంతకి పోయారన్నదాని కంటే, చివరికి చేతికెంత వస్తుందన్నదే చూస్తాను.

ఉన్నవాటిల్లో మంచి రూల్ 2025లో తెచ్చిన మ్యాచ్ ఫీజు. తుది జట్టులో ఉన్నా, ఇంపాక్ట్ ప్లేయర్‌గా (మ్యాచ్ మధ్యలో ఒకరి బదులు వచ్చేవాడు) దిగినా మ్యాచ్‌కి 7.5 లక్షలు. 30 లక్షలకి తీసుకున్న కుర్రాడు 14 లీగ్ మ్యాచ్‌లూ ఆడితే పైన ఇంకో 1.05 కోట్లు. ఇది ఒక్క ఏడాది ముందొస్తే ఎంత బాగుండేది! 2024లో ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు కొట్టిన మా ఊరి నితీశ్ కుమార్ రెడ్డి కాంట్రాక్టు అప్పుడు 20 లక్షలే.

తర్వాత సన్‌రైజర్స్ అతన్ని 6 కోట్లకి అట్టిపెట్టుకుంది. అందరూ ఆహా అన్నారు. నేను స్లాబులు చూశాను, అంటే అట్టిపెట్టుకునే ఐదుగురికి బోర్డు వరసగా పెట్టిన రేట్లు, కోట్లలో: 18, 14, 11, 18, 14. ఐదుగురికీ కలిపి 75 కోట్లు. అన్నిటికంటే చిన్న స్లాబే 11, మరి 6 ఎక్కడిది? 75ని ఎలా పంచుకున్నా టీమ్ ఇష్టమన్నారు. క్లాసెన్‌కి 23 ఇచ్చారు, కమిన్స్‌కి 18, హెడ్‌కీ అభిషేక్‌కీ చెరో 14. మిగిలింది మనవాడికి. మా ఆఫీసులో ఇలా చేస్తే యూనియన్ ఊరుకోదు.

మినీ వేలంలో విదేశీ ఆటగాళ్ల జీతానికి పెట్టిన సీలింగ్ ఇంకో తంటా. 2025 డిసెంబరులో అబుదాబి మినీ వేలంలో కామెరాన్ గ్రీన్‌ని కోల్‌కతా 25.20 కోట్లకి పాడింది. అతనికొచ్చేది 18. మిగతా 7.20 ఆటగాళ్ల సంక్షేమం పేరుతో బోర్డుకి. కోల్‌కతా పర్సులోంచి (ఆటగాళ్ల మీద టీము పెట్టగల ఖర్చు పరిమితి) మాత్రం మొత్తం కోత. కొన్నేళ్లకోసారి టీముల్ని దాదాపు కొత్తగా కట్టే మెగా వేలం ఎగ్గొట్టి, మధ్య ఏళ్లలో జరిగే మినీలో రేటు పెంచుకునేవాళ్లకి ముకుతాడు వేయాలన్నది నిజమే. కానీ మెగా వేలం నాటికి గ్రీన్ వెన్నుకి సర్జరీ చేయించుకుని ఉన్నాడు, ఎగ్గొట్టినవాడు కాదు. అదే భారత ఆటగాడైతే పాడిన సొమ్మంతా అతనిదే.

ధోనీని అన్‌క్యాప్డ్ అని, అంటే దేశం తరఫున ఆడనివాళ్ల లెక్కలో వేసి, 4 కోట్లకి ఉంచుకోవడం గురించి ఏం రాస్తాం, నవ్వుకోవడమే.

అసలు ఒక స్టార్ కోసింది ఇందుకు. 2025కి పది టీముల పర్సులూ కలిపితే 1,200 కోట్లు. 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులే 48,390 కోట్లు, అంటే ఏడాదికి 9,700 దాకా. అందులో ఆటగాళ్లకి దక్కేది ఇంతేనా అని. రెండో స్టార్ బెంచ్ మీద కూర్చున్నవాళ్ల కోసం కోశాను. సీజనంతా నెట్స్‌లో బౌలింగ్ వేసి, డ్రింక్స్ మోసినవాడికి ఆ 7.5 లక్షల్లో సగమైనా ఇవ్వొచ్చు.